మాస్టారు దాటేసిన వాక్యం

గిరీష్ పోయి అయిదు నెలలైంది. అస్థికలు ఇంకా ఇల్లు చేరలేదు. జర్మనీలో అతను పనిచేసిన ఊరి మునిసిపాలిటీ వాళ్లే దహనం చేయించి, ఆ పాత్రని అక్కడి శ్మశానంలో పాతిపెట్టారు. శవాన్ని ఎందుకు పంపలేదయ్యా అంటే, "కుటుంబం వద్దంది" అని ఫైల్లో రాసి ఉందన్నారు. ఆ మాట తప్పని రుజువైతే గానీ తవ్వి తీసి ఇవ్వడం కుదరదని అక్కడి కోర్టు చెప్పింది. కాబట్టి అతని భార్య భువనేశ్వరి తాను వద్దనలేదని జడ్జి ముందు చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి దుబాసీ కావాలి. ఎవరంటే వాళ్లు పనికిరారు, ఆ కోర్టులో ప్రమాణం చేసిన దుబాసీయే కావాలి.

ఆ దుబాసీ కోసం పోయిన మూడు వారాల భాగాల్లో భువన పడిన పాట్లు చదివినవాళ్లకి గుర్తే ఉంటాయి. చదవనివాళ్లకి ఇంత చాలు. జర్మన్ నుంచి తెలుగులోకి చెప్పేవాళ్లు ఆ కోర్టు జాబితాలో ఇద్దరున్నారు. ఒకావిడ పురిటి సెలవులో ఉంది, రెండో ఆయనకి ఫిబ్రవరి దాకా తీరిక లేదు. హైదరాబాదులో దొరికినవాళ్లు ఇంగ్లీషులోకి చెప్తామన్నారు, వాళ్లకి ఆ ప్రమాణం లేదు. వాయిదా దాటితే అర్జీ మూసేస్తామని కోర్టు ముందే చెప్పింది. చివరికి కోర్టు వాళ్లే ఉత్తరం రాశారు: హిందీ దుబాసీ ఉంది, ఆవిడని పెడతాం, కుటుంబానికి హిందీ చక్కగా వచ్చునని మా ఫైల్లో ఉంది.

ఆ ఆఖరి మాటకి తెనాలి లాయరు అభినవ్ నవ్వేశాడు. "మనవాళ్లందరూ బయోడేటాలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ అని రాసి పారేస్తారు కదండీ. గిరీష్ గారు వీసా కాగితాల్లో అదే రాసుంటారు. నేనూ రాశాను. నాకు హిందీలో పది దాకా లెక్కపెట్టడం కూడా రాదు."

భువన కూడా అలాగే అనుకుంది. జర్మన్ నుంచి హిందీలోకి ఆవిడ చెప్తుంది సరే, హిందీ నుంచి తెలుగులోకి ఎవరు చెప్పాలి? దానికి వెతుక్కోనక్కర్లేదు. బాపట్లలో ముప్ఫై ఒక్క ఏళ్లు హిందీ పండితుడిగా చేసి రిటైరైన దశరథరామయ్య మాస్టారు ఆమె కన్నతండ్రే. ఆయన మాత్రం నాలుగు రోజులు తప్పించుకు తిరిగారు. బీపీ అన్నారు. నాది పుస్తకాల హిందీ అమ్మా, కోర్టుల్లో పనికిరాదు అన్నారు. భువన వినలేదు. వాయిదా రోజు పొద్దున తొమ్మిదింటి రైలెక్కించి తెనాలి తీసుకొచ్చింది.

*

మందుల షాపు మీద మేడగదిలో ఉంది అభినవ్ ఆఫీసు. మధ్యాహ్నం రెండు ఇరవై అయింది. అక్కడ జర్మనీలో పొద్దున పది కావాలి. ల్యాప్‌టాప్ తెర మీద ఇంకా ఎవరూ రాలేదు. ఈలోగా భువన ఫోన్ మోగింది. రేపల్లె నుంచి అత్తగారు మాణిక్యాంబ.

"అయిందా అమ్మా?"

"ఇంకా మొదలవలేదత్తయ్యా."

"పెనుమూడి రేవు దగ్గర పంతులుగారిని అడిగొచ్చాను. ఎప్పుడు తెచ్చినా కృష్ణలో కలపొచ్చన్నారు. రాగి చెంబు తోమి పెట్టానమ్మా. నిన్న తోమిందే, మళ్లీ నల్లబడింది. రోజూ తోముతున్నాను."

"అలాగే అత్తయ్యా. అయ్యాక నేనే ఫోన్ చేస్తాను."

"మీ నాన్నగారు పక్కనే ఉన్నారుగా? ఇంక భయం లేదులే. ఆయన చెప్తే వాళ్లకి అర్థమవుతుంది."

ఫోన్ గట్టిగానే వినిపిస్తోంది. మాస్టారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. అన్నం కూడా సరిగా తినలేదు. ముసలాయన కంగారు పడుతున్నాడనుకుని అభినవ్ సోడా తెప్పించాడు. ఆయన ముట్టుకోలేదు.

మాస్టారి గురించి ఒక సంగతి చెప్పాలి. జిల్లా పరిషత్ హైస్కూల్లో హిందీ అంటే ఇరవై మార్కులొస్తే పాసయ్యే సబ్జెక్టు. లెక్కల మాస్టారికి ఉన్న విలువ హిందీ పండితుడికి ఉండదు. ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసుకి ఆయన్నే తోలేవాళ్లు. అయినా ఆయన ఆ భాషని కళ్లకద్దుకుని చెప్పారు. మాట్లాడేవాళ్లు దొరకడమే కరువు. రైల్లో జవాన్లు కనిపిస్తే వెళ్లి వాళ్ల పక్కన కూర్చునేవారు. ఒకసారి సూర్యలంక బీచిలో పానీపూరీ అమ్మే బీహారు అతనితో గంటసేపు మాట్లాడితే, చేతిలో పూరీలు నాని ముద్దయిపోయాయి. చిన్నప్పుడు భువన ఆ సంగతి అందరికీ చెప్పి నవ్వించేది.

అలాంటి మనిషి ఇవాళ తెర మీద హిందీ ఆవిడ కనబడి చేతులు జోడిస్తే, తలెత్తి సరిగా నమస్కారమైనా పెట్టలేదు.

రెండున్నరకి మొదలైంది. జడ్జి సన్నగా ఉన్న నెరిసిన జుట్టు మనిషి. తొందరపడకుండా మాట్లాడతాడు. తెర మీద పక్క గడిలో దుబాసీ. కాన్పూరు నుంచి వెళ్లి ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటోందట. ముందు మాస్టారి చేత ప్రమాణం చేయించారు. ఆవిడ హిందీలో చెప్తే ఆయన హిందీలోనే తిరిగి చెప్పి, భువన కోసం తెలుగులోనూ చెప్పారు.

"లేనిది కలపను. ఉన్నది దాచను."

చెప్తూ తెర వైపు చూడలేదు. ఆ మాత్రం దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు.

మొదటి ప్రశ్నలు సాఫీగానే సాగాయి. పెళ్లెప్పుడైంది, భర్త ఎప్పుడు వెళ్లాడు, ఏం పని. గోడౌన్లో సరుకు ఎత్తే యంత్రం నడిపేవాడండి, మీద సామాను పెట్టే అరల రాక్ పడిందన్నారండి, అని చెప్పింది భువన. ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"పోవడానికి పద్నాలుగు నెలల ముందండి. ఎందుకు మానేశాడో నాకు తెలియదు. నేను చేస్తే ఎత్తేవాడు కాదు. నేను మాత్రం వద్దనుకోలేదండి. నాకు ఎవరూ చెప్పలేదు. ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పలేదు, పోయాడని చెప్పలేదు. నెల తర్వాత రేపల్లె స్టేషన్ నుంచి కానిస్టేబులు మా అత్తగారింటికి కాగితం తెచ్చి ఇస్తే తెలిసింది. నాకు తెలిసుంటే ఎలాగోలా వెళ్లేదాన్ని. వెళ్లలేకపోయినా ఫోన్లోనైనా పలికేదాన్ని."

మాస్టారు అదంతా హిందీలో చెప్పారు. ఒక్క మాటా పోకుండా చెప్పారు. ఆవిడ జర్మన్‌లో చెప్పింది. జడ్జి విని, ఫైల్లోంచి ఒక కాగితం తీసి మెల్లగా చదివాడు. ఆస్పత్రి వాళ్లు రాసుకున్న కాగితమది. దుబాసీ దాన్ని హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది.

భువనకి హిందీ రాదనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. చిన్నప్పుడు వరండాలో నాన్న ట్యూషన్ చెప్తుంటే పక్కన బొమ్మలేసుకుంటూ విన్నది ఎంతో కొంత చెవిలో మిగిలింది. జూన్ అన్నది తెలిసింది. పరీక్ష అన్నది తెలిసింది. శుద్ధ హిందీ అన్నది కూడా తెలిసింది. ఆవిడ ముగించి మాస్టారి వైపు చూసింది.

"జూన్‌లో ఒకసారి ఫోన్ చేశారటమ్మా," అన్నారు మాస్టారు. "సరిగా మాటలు కుదరలేదట."

"అంతేనా?"

"అంతే."

"అంతసేపు చెప్పింది కదా నాన్నా."

"హిందీ అంతే అమ్మా. ఊరికే సాగదీస్తుంది."

భువన తండ్రి వైపు తిరిగి చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ భాష మీద ఈగ వాలనివ్వని మనిషి! హిందీని ఎవరేమన్నా ఊరుకునేవారు కాదు. ఆయన నోటి వెంట ఆ మాట వచ్చిందంటే ఏదో దాస్తున్నారు.

"అభినవ్ గారూ, ఆవిడని మళ్లీ చెప్పమనండి. ఒక్కొక్క వాక్యమే చెప్పమనండి."

అభినవ్ ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడ తలూపి మొదటి వాక్యం చెప్పి ఆగింది. మాస్టారు కిటికీ వైపు తిరిగారు.

"నాన్నా, పరీక్ష అంటోంది. ఏ పరీక్ష?"

మాస్టారు సోడా సీసా పక్కకి జరిపారు.

"ఇందాక ప్రమాణం చేశారు నాన్నా."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత క్లాసులో పాఠం చెప్పినట్టు, వాక్యం విని వాక్యం చెప్పడం మొదలుపెట్టారు.

"జూన్ పదిహేడో తారీఖు. పొద్దున ఏడు యాభైకి భార్య నంబరుకి ఫోన్ చేశాం. అంటే మనకి పదకొండూ ఇరవై. ఇండియా మనిషి కాబట్టి హిందీ దుబాసీని లైన్లో పెట్టాం. ఒక పెద్దాయన ఎత్తారు. భార్య తండ్రినని చెప్పారు. ఆయనది శుద్ధమైన హిందీ అని, ఇంత మంచి హిందీ విని చాలా కాలమైందని దుబాసీ చెప్పారు."

అభినవ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. కుటుంబానికి హిందీ చక్కగా వచ్చునని ఫైల్లో ఎందుకుందో అతనికప్పుడు తెలిసింది. బయోడేటా కాదు, వీసా కాగితమూ కాదు.

మాస్టారు ఆగలేదు. ఆగితే మళ్లీ చెప్పలేనని ఆయనకి తెలుసు.

"రోగి పరిస్థితి ప్రమాదంగా ఉంది, భార్యతో మాట్లాడాలంటున్నాడు అని చెప్పాం. అమ్మాయి పరీక్ష రాస్తోంది, కుదరదన్నారు. ఎప్పుడు చెయ్యమంటారని అడిగాం. చెయ్యొద్దన్నారు. ఏం జరిగినా మీరే చూసుకోండి, మాకు ఆ మనిషితో సంబంధం లేదన్నారు. మర్నాడు మళ్లీ చేశాం, ఆ నంబరు కలవలేదు. ఇరవయ్యో తారీఖున రోగి చనిపోయాడు."

కింద బజార్లో ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు. అది ఎంతకీ అందుకోవడం లేదు.

జూన్ పదిహేడు భువనకి బాగా గుర్తుంది. డీఎస్సీ పరీక్ష. బాపట్ల బయట ఇంజనీరింగ్ కాలేజీలో సెంటరు. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి గేటు దగ్గర నాన్న చేతికిచ్చి వెళ్లింది. ఎండలో షామియానా కింద, మిగతా అమ్మాయిల తండ్రుల మధ్య కూర్చున్నారు ఆయన. పన్నెండింటికి బయటికొస్తే కొబ్బరిబొండాం కొట్టించి ఇచ్చి, ఎలా రాశావమ్మా అన్నారు. బాగా రాశాను నాన్నా అంది. బాగానే రాసింది, ఉద్యోగం వచ్చింది. నెలన్నరగా దుగ్గిరాల పక్క స్కూల్లో పాఠం చెప్తోంది. ఆ బొండాం తాగుతున్నప్పుడు గిరీష్ బతికే ఉన్నాడు. ఇంకా మూడు రోజులు బతికే ఉన్నాడు.

"మీరేనా?" అంది.

"నేనే."

"ప్రమాదమని చెప్పింది మీకు అర్థం కాలేదా? చెప్పండి నాన్నా. సరిగా వినబడలేదనండి. మీ హిందీ పుస్తకాల హిందీ కదా, అందుకని తెలియలేదనండి."

అలా అంటారేమోనని, అంటే బాగుండునని ఆమె నిజంగా ఆశపడింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అర్థమైందమ్మా. ఒక్క మాట కూడా పోకుండా అర్థమైంది. అందులో అబద్ధం చెప్పను."

"మరెలా అనగలిగారు?"

"పద్నాలుగు నెలలు నిన్ను ఏడిపించినవాడు, సరిగ్గా నువ్వు పరీక్ష రాసే పూటే ఫోన్ చేయించాడనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. నలభై నిమిషాలు మిగిలి ఉంది. కబురు పంపితే పేపరు వదిలేసి వచ్చేసేదానివి."

"వచ్చేదాన్ని."

"అదే భయం. పైగా అవతలావిడ నా హిందీ మెచ్చుకుంది. అంత బాగా మాట్లాడే మనిషి దొరికి ఎన్నాళ్లయిందో. కోపాన్ని కూడా మంచి మాటల్లో పెట్టి చెప్పానమ్మా. చెప్తూ చెప్తూ, బాగా చెప్పాననుకున్నాను కూడా." ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నారు. "సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"నంబరు కలవలేదట. అది కూడా మీరేనా?"

"పక్కన కూర్చున్నాయన చేత బ్లాక్ చేయించాను. మళ్లీ చేస్తే సాయంత్రం నీ మనసు పాడవుతుందని. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. నువ్వు ఆ గేటులోంచి నవ్వుతూ వచ్చావు. ఎన్నాళ్లకి నవ్వావో నీకు తెలియదు, నాకు తెలుసు."

"కానిస్టేబులు కాగితం తెచ్చినప్పుడు?"

"అప్పుడింక నోరు రాలేదు."

భువన ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండేది. అయిదు నెలలుగా తన పక్కన కూర్చుని ఓదార్చిన చెయ్యి, వెన్ను నిమిరిన చెయ్యి, ఆ ఫోన్ పెట్టేసిన చెయ్యి ఒక్కటే. దాన్ని చూడలేక మొహం తిప్పుకుంది. రేపల్లెలో ఒక తల్లి రోజూ చెంబు తోముకుంటోంది, ఈయన పక్కనుంటే భయం లేదనుకుంటోంది.

తెర మీద జడ్జి ఏదో అడిగాడు. దుబాసీ హిందీలో చెప్పింది. మాస్టారు తెలుగు చేయలేదు, చేయనక్కర్లేదు. ఏం జరుగుతోందక్కడ అని అడుగుతున్నారని ఎవరికైనా తెలుస్తుంది.

"చెప్పండి నాన్నా," అంది భువన.

"ఏం చెప్పమంటావు?"

"నాకు చెప్పిందే వాళ్లకీ చెప్పండి. ఆ పెద్దాయన మీరేనని, నాకు తెలియకుండా అన్నారని. మీరు చెప్తేనే గిరీష్ అస్థికలు తవ్వి ఇస్తారు. నా మాట ఎవరికీ అక్కర్లేదు, మీ మాటే కావాలి."

మాస్టారు లేచి నిలబడ్డారు. కూర్చోమని దుబాసీ సైగ చేసినా కూర్చోలేదు. చేతులు కట్టుకుని హిందీలో మొదలుపెట్టారు. జీవితంలో మొదటిసారి ఆయనకి మాట తడబడింది. వాక్యం మధ్యలో ఆగి మాట కోసం వెతుక్కున్నారు. ఒకచోట తెలుగు మాట పడిపోయింది, దిద్దుకోలేదు. దుబాసీ సగంలో ఆగి, మళ్లీ చెప్పండి, మీరేనా అని అడిగింది. ఆయన గుండెల మీద చెయ్యి పెట్టుకుని నేనే అన్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుని జర్మన్‌లో చెప్పింది.

జడ్జి చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత దుబాసీ చెప్పిన రెండు మాటలు మాస్టారు భువనకి చెప్పారు. ఈ వాంగ్మూలం నమోదు చేశారు. కుటుంబం వద్దందన్న మాట ఇక నిలవదు. లిఖితంగా ఉత్తర్వు వారంలో వస్తుంది.

"గెలిచామండీ," అన్నాడు అభినవ్. అని తనే నాలుక కరుచుకున్నాడు.

భువన తెర ముందు నుంచి లేవబోయింది. దుబాసీ చెయ్యెత్తి ఆపింది. జడ్జి ఇంకో కాగితం చేతిలో పట్టుకుని ఉన్నాడు. మాస్టారు విన్నారు, వింటూ తెల్లబోయారు.

"ఏంటి నాన్నా?"

"మన జవాబు ఆ రోజే రోగికి చెప్పారట. ఎవరు మాట్లాడారని అడిగాడట. ఎవరో పెద్దాయన, హిందీ చాలా బాగా మాట్లాడారు అన్నారట. కాగితం అడిగి ఏదో రాశాడట. ఆ లిపి అక్కడెవరికీ తెలియక, అర్థం కాని కాగితమని ఫైల్లో పెట్టేశారట. ఇప్పుడు చూపిస్తామంటున్నారు."

తెర మీద కాగితం పైకొచ్చింది. గీతల్లేని తెల్ల కాగితం, వంకరగా దిగిన వరుసలు. చేతికి బలం లేక అక్షరాలు ఒకదాని మీదికొకటి ఒరిగాయి. అయినా భువనకి ఆ రాత తెలుసు. ఇన్నాళ్లూ జర్మన్ అనీ, హిందీ అనీ ఎవరెవరి కాళ్లో పట్టుకుంది. గిరీష్ రాసింది తెలుగులో ఉంది.

పైన ఉన్నది తన పేరు కాదు. మామయ్యగారికి అని ఉంది.

ఆమె ల్యాప్‌టాప్ తండ్రి వైపు తిప్పింది.

"మీకే రాశాడు. మీరే చదవండి. దీనికి దుబాసీ అక్కర్లేదు. ఒక్క ముక్క కూడా దాటెయ్యొద్దు."

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. పైకి చదివారు.

"మామయ్యగారికి నమస్కారం. ఆ హిందీ మీదేనని వినగానే తెలిసింది. నాకు కోపం లేదు. ఫోన్ ఎత్తింది మీరని భువనకి ఎప్పటికీ చెప్పకండి. తనకి మీరు కావాలి."

అక్కడ ఆయన చదవడం ఆపేశారు. ఇంకా ఒక వరుస ఉంది. భువన చూసింది, ఆయన పెదవులు కదలడం లేదు. ఇందాక వాక్యం మింగేసినప్పుడు కూడా మొహం ఇలాగే ఉంది. ఆమె తెర తన వైపు తిప్పుకుని, ఆ మిగిలిన వరుస తనే చదివింది.

"కానీ ఈ పద్నాలుగు నెలలూ నేను ఎందుకు ఫోన్ చెయ్యలేదో మాత్రం తనకి చెప్పండి. తనతో మాట్లాడనని మీకిచ్చిన మాట ఇక నేను నిలబెట్టుకోనక్కర్లేదు కదా."